కంప్యూటర్ చదవని వరుసలు

మా అమ్మాయి ఉద్యోగం పోతుందేమోనని నేను భయపడటం మొదలుపెట్టింది దానికి ఉద్యోగం వచ్చిన రోజునే. అప్పటినుంచీ ఆ భయం నాతోపాటే లేస్తుంది, నాతోపాటే కాఫీ తాగుతుంది, నాతోపాటే కుట్టుమిషన్ ముందు కూర్చుంటుంది. ఆ వానాకాలం దానికి జతగా ఇంకోటి వచ్చి చేరింది. అమ్మాయి కడుపుతో ఉంది. ఏడో నెలలో డాక్టరమ్మ చూసి, మెట్లు ఎక్కొద్దు, బస్సు ఎక్కొద్దు, వీలైనంతవరకూ మంచం దిగొద్దు అంది. వాళ్లుండేది లిఫ్టు లేని ఇంట్లో నాలుగో అంతస్తు. అల్లుడి పని లిఫ్టులు బిగించడం. ఎప్పుడూ ఏదో ఒక ఊళ్లో ఉంటాడు.

"ఊరందర్నీ పైకెక్కిస్తావు, ఇంట్లో మనిషిని మాత్రం మెట్లెక్కిస్తావు" అని మా ఆయన ఫోన్లో అల్లుణ్ణి ఆటపట్టించి, ఆ ఆదివారమే దాన్ని సామానుతో సహా మా ఇంటికి తీసుకొచ్చేశాడు. మాది నేలమీది ఇల్లు. ముందుగదిలో నా మిషన్, మధ్యలో వంటగది, వెనకగదిలో ఒక మంచం. మంచం పక్కన బల్ల వేసి కంప్యూటర్ పెట్టించాం.

"అమ్మా, ఈ కిటికీ తీయనా? ఉక్కపోస్తోంది."

"వద్దు."

"ఎందుకు?"

"వద్దన్నానా!"

ఆ కిటికీ రెక్కలు రెండూ కలిపి ఇనుపతీగతో కట్టేసి ఉంటాయి. చిన్నప్పటినుంచీ వింటున్న 'వద్దు'ల్లో అదొకటి కనుక అది మళ్లీ అడగలేదు. ఫ్యాను తనవైపు తిప్పుకుంది. వాళ్ల నాన్న దాన్ని పిచ్చుక అంటాడు. పుట్టినప్పుడు అంతే ఉంది మరి. ఇప్పుడు ఆ పిచ్చుక దిండ్లకు ఆనుకుని, పొట్టమీద చెయ్యేసుకుని, రెండో చేత్తో టకటకా కొట్టుకుంటూ కూర్చుంటే నాకు ముందుగదిలో సూది ముందుకు సాగేది కాదు. చొక్కా పట్టుకుని వెళ్లి దాని పక్కనే ముక్కాలిపీట వేసుకుని గుండీలు కుట్టేదాన్ని.

దాని ఉద్యోగం మందుల గోదాములో. మందులు నిలవచేసి ఆసుపత్రులకూ దుకాణాలకూ పంపే చోటు. ఏ పెట్టె ముందు బయటికి వెళ్లాలి, దేనికి గడువు దగ్గరపడింది, దేన్ని పక్కన పడేయాలి, ఇవన్నీ చెప్పేది ఒక ప్రోగ్రామట. అది కోబాల్ అనే భాషలో ఉంటుందట. మొదటిసారి విన్నప్పుడు అది కూడా ఏదో మందు పేరే అనుకున్నాను.

నాది ఎనిమిదో తరగతితో ఆగిన చదువు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను. కంప్యూటర్ భాషంటే ముళ్లకంపలా ఉంటుందనుకున్నాను. తీరా తొంగిచూస్తే అన్నీ మాటలే! 'మూవ్' అని ఉంది, 'యాడ్' అని ఉంది, 'ఇఫ్' అని ఉంది. వాక్యం చివర చుక్క కూడా ఉంది.

"ఈ చుక్క పెట్టకపోతే ఏమవుతుందే?"

"వాక్యం అయిపోయిందని దానికి తెలీదమ్మా. కిందున్నదంతా ఇందులోదే అనుకుని పోతూనే ఉంటుంది."

"మీ మేనత్తలాగా అన్నమాట."

అది నవ్వింది. నవ్వితే పొట్ట కదిలింది. పొట్ట కదిలితే నా గుండె కదిలింది. "నవ్వకు, నవ్వకు" అని కంగారుగా దిండు సరిచేశాను.

రోజుకో ప్రశ్న అడగడం అలా మొదలైంది. దాని పని తెలిస్తే భయం తగ్గుతుందేమోనని మొదట్లో అడిగాను. తర్వాత్తర్వాత ఊరికే, తెలుసుకోవాలనే అడిగాను. కొన్ని వరుసల ముందు ఒక చిన్న నక్షత్రం గుర్తు ఉండేది. అదేమిటన్నాను.

"ఆ గుర్తుంటే కంప్యూటర్ ఆ వరుస చదవదు. దాటేసి వెళ్లిపోతుంది. అవి మనుషుల కోసం. ఇక్కడ ఏం చేస్తున్నామో, ఎందుకు చేస్తున్నామో తర్వాత వచ్చేవాళ్లకి చెప్పడానికి."

"మరి మీకు జీతమిచ్చేది కంప్యూటర్‌కి చెప్పినందుకా, మనుషులకి చెప్పినందుకా?"

"కంప్యూటర్‌కి చెప్పినందుకే. అందుకే ఈ నక్షత్రాల వరుసలు ఎవరూ సరిగ్గా రాయరు."

ఆ ప్రోగ్రాం రాసిన పెద్దాయన ఎప్పుడో రిటైరయ్యాడు. ఆయన రాసింది ఉన్నది ఉన్నట్టు నాకు చూపించింది. అన్నీ ఎక్స్1, ఎక్స్2, ఎక్స్9. నా దగ్గరికి కుట్టడానికి వచ్చిన గుడ్డలన్నిటికీ పేర్లు రాయకుండా ఒకే మూటలో కట్టేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. "ఇది గది నంబరు. ఇది గడువుకి మిగిలిన రోజులు. ఇదేమిటో తెలుసుకోవడానికి వారం పట్టింది, చివరికి పెట్టెల లెక్కట" అంది. తను చేస్తున్నది ఆ ఎక్స్‌లన్నిటికీ పేర్లు పెట్టడం, పొడుగ్గా సాగిన దాన్ని చిన్నచిన్న ముక్కలు చేసి ఏ ముక్క ఏం చేస్తుందో పైన రాయడం. తను సెలవులో ఉన్నన్నాళ్లూ దాన్ని చూసుకోవాల్సింది వాళ్ల ఆఫీసులోనే ఇంకొకాయన. ఆయన మాట్లాడితే గాలివానే. వెనకగదిలోంచి ఆ గొంతు వినీవినీ మేం తొందరాయన అని పేరు పెట్టుకున్నాం.

వాళ్ల ఆఫీసులో ఒక పద్ధతుంది. ప్రోగ్రాం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారేటప్పుడు, కొత్తగా తీసుకునేవాళ్లు దాన్ని పైకి చదివి ఏ ముక్క ఏం చేస్తుందో చెప్పాలి. రాసినవాళ్లు పక్కనే కూర్చోవాలి గానీ నోరు మెదపకూడదు. మెదిపితే ఆ ముక్క సరిగ్గా రాయలేదని అర్థం. మళ్లీ రాసుకురావాల్సిందే.

"నువ్వు నోరు మెదపకుండా కూర్చోవడమా!" అన్నాను. "అయిపోయింది."

"గట్టెక్కితే సెలవులో ఒక్క ఫోను కూడా రాదమ్మా. పురుడు పోసుకుని హాయిగా బిడ్డని పక్కలో వేసుకుని పడుకోవచ్చు."

అప్పుడు తట్టింది నాకు అసలు భయం. ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదో! సూది గుండీలోనే వదిలేశాను.

"అన్నీ అంత విడమర్చి రాసిపెట్టేస్తే, ఇక నువ్వెందుకే వాళ్లకి?"

"అమ్మా..."

"కాదు, చెప్పు. ఎవరు చదివినా అర్థమైపోతే నిన్నెందుకు ఉంచుకుంటారు? మన వీధిలో ఇన్ని మిషన్లున్నాయి. చెయ్యి పైకెత్తినా చంకలో పట్టెయ్యకుండా చొక్కా కుట్టేది నేనొక్కదాన్నే. ఆ కత్తిరింపు ఎవరికైనా చూపించానా? తలుపేసుకుని కత్తిరిస్తాను. అందుకే ఇన్నేళ్లూ జనం నా గుమ్మం దగ్గరికే వస్తున్నారు. నువ్వూ ఒక్క ముక్క దాచుకో. ఒక్కటంటే ఒక్కటి."

అది ఈసారి నవ్వలేదు. "అలా దాచుకునే ఆ పెద్దాయన మా ప్రాణం తీస్తున్నాడమ్మా" అంది మెల్లగా. ఆ మాట నాకు నచ్చలేదు. పెద్దాయన తెలివైనవాడనే అనుకున్నాను.

తర్వాత కొన్ని రోజులకు, వాన ఎడతెరిపి లేకుండా పడుతున్న ఒక పొద్దుట, అది నన్ను పిలిచి తెరమీద ఒకచోట వేలు పెట్టింది. నక్షత్రం గుర్తు, దాని పక్కన మూడు మాటలు. ఆ మూడూ నాకు కూడా చదవడానికి వచ్చాయి. డు నాట్ రిమూవ్. తీయవద్దు.

"అంతేనా?"

"అంతే. ఆ ప్రోగ్రాం మొత్తంలో ఆయన మనుషుల కోసం రాసిన వరుస ఇదొక్కటే."

దాని కింద ఉన్నది చదివి చెప్పింది. పెట్టె పదకొండో గదిలో ఉంటే, గడువులోంచి నెల రోజులు తగ్గించు. మిగతా గదులకు లేదు. పదకొండో గదికే. ఎందుకో ఎవరికీ తెలియదు.

తొందరాయనకు ఫోన్ చేసింది. గది బయటికే వినిపించింది గాలివాన. "పీకేద్దామండీ! ఏదో పాత పైత్యం అయ్యుంటుంది."

"ఎందుకుందో తెలీకుండా ఎలా పీకుతాం?"

"సరే, ఉంచేద్దాం!"

"ఎందుకుందో తెలీకుండా ఎలా ఉంచుతాం? పైన కారణం ఏమని రాయను?"

"తీయవద్దు అని ఆయనే రాశాడుగా!"

నేను గుమ్మంలో నిలబడి అంతా వింటున్నాను. నాకు అప్పటికే కళ్లముందు మొత్తం జరిగిపోయింది. ఆ ముక్క తీసేస్తారు, పదకొండో గదిలో ఏదో విషవాయువు ఉంటుంది, అందులోంచి చంటిపిల్లల చుక్కలమందు బయటికెళ్తుంది, అది తిరిగి తిరిగి రేపు పుట్టబోయే మా పసిగుడ్డు నోట్లోనే పడుతుంది. "ఆ పెద్దాయన్నే అడగండే!" అని అరిచాను.

"ఆయన ఫోనెత్తడమ్మా. ఎవరు చేసినా ఎత్తడు. ఆయన ఇల్లు నాన్న బస్సు తిరిగే దారిలోనే, నేను వెళ్దామంటే..."

"నువ్వు మంచం దిగితే కాళ్లు విరగ్గొడతాను. నేను వెళ్తాను."

అన్నాక నాకే ఆశ్చర్యం వేసింది. కొత్త వీధిలోకి ఒంటరిగా వెళ్లాలంటే ముందురోజునుంచే దారి పదిసార్లు అడిగే మనిషిని. కానీ ఆ 'తీయవద్దు' నన్ను నిలవనీయలేదు. ఎందుకు వద్దన్నాడు? ఏం చూసి వద్దన్నాడు?

మా ఆయన బస్సు నడుపుతాడు. ఆ మధ్యాహ్నం ఆయన బస్సే ఎక్కి ఆయన వెనక సీట్లో కూర్చున్నాను.

"టికెట్ తీసుకోండమ్మా" అన్నాడు అద్దంలోంచి. "డ్రైవరు పెళ్లామని ఊరికే ఎక్కించుకోం."

"రోడ్డు చూసి నడుపు. తడిగా ఉంది, జారుతుంది."

"ఇన్నేళ్లనుంచీ నువ్వు లేకుండా ఎలా నడిపానో!"

పెద్దాయన ఇంటి ముందు గొడుగు ముడిచి తలుపు తట్టాను. లోపల్నుంచి ఆడగొంతు వినబడింది. "ఎవరూ?"

"మందుల గోదాము ప్రోగ్రాం గురించండీ."

"ఆయన ఇంట్లో లేరు."

పక్క కిటికీలోంచి ఆయన కనబడుతూనే ఉన్నారు. చొక్కా ఇస్త్రీ చేస్తున్నవారు, నన్ను చూసి ఇస్త్రీపెట్టె గాల్లోనే పట్టుకుని బిగుసుకుపోయారు.

"ఆఫీసునుంచి కాదండీ! నేను పిచ్చుక వాళ్లమ్మని."

"ఏ పిచ్చుక?" అన్నారు ఆయన, ఇంట్లో లేని సంగతి మరిచిపోయి.

"మీరు రాసింది మా అమ్మాయి చదువుతోందండీ. అది మంచం దిగకూడదు. కడుపుతో ఉంది. మీరేమో ఫోనెత్తట్లేదు. నాకేమో గుండెదడ." ముందూ వెనకా లేకుండా నోటికొచ్చినదంతా చెప్పేశాను. కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, తడిసిన చెప్పులు చూసి, "లోపలికి రండి వదినా" అంది.

గదినిండా తాళ్లకు ఆరని బట్టలు వేలాడుతున్నాయి. వాటి మధ్యలోంచి వంగి వెళ్లి కూర్చున్నాను. నేను ఫోన్ తీసి అమ్మాయిని కలిపి, అందరికీ వినబడేలా బల్లమీద పెట్టాను. అది మర్యాదగా నమస్కారం చెప్పి, "మీకు చాలాసార్లు చేశానండీ" అంది.

"ఫోను బియ్యం డబ్బాలో ఉందమ్మా" అంది ఆవిడ. "మోగినా వినబడకుండా ఆయనే పెట్టారు."

పెద్దాయన సిగ్గుపడ్డట్టు కాలర్ సవరించుకున్నారు.

"నా ఆపరేషన్ రోజు అడగండి వదినా" అంది ఆవిడ, ఎన్నాళ్లనుంచో ఎవరైనా దొరకాలని చూస్తున్నట్టు. "నన్ను బండిమీద లోపలికి తీసుకెళ్తున్నారు. ఈయన వసారాలో నిలబడి ఫోన్లో 'ఎక్స్4 లోంచి ఎక్స్9 తీసెయ్, తీసెయ్' అని అరుస్తున్నారు. మత్తుమందిచ్చే డాక్టరు బయటికొచ్చి, 'ఎవర్నండీ తీసెయ్యమంటున్నారు?' అని అడిగాడు."

ఫోన్లోంచి మా అమ్మాయి నవ్వు వినబడింది. "నవ్వకే!" అన్నాను.

"అప్పట్లో గొప్పగానే ఉండేది" అన్నారు పెద్దాయన. "నేను లేకపోతే గోదాము నడవదనేవాళ్లు. అన్నీ నా తలకాయలోనే ఉండేవి. ఇంటికొచ్చేశాక కూడా అడిగేవాళ్లు, చెప్పేవాణ్ని. ఒకరోజు ఎవరో ఏదో అడిగారు. నేను రాసిందే. ఎంత ఆలోచించినా తట్టలేదు. తెలీదని చెప్పాను." ఆయన ఇస్త్రీపెట్టె తీగ వేలికి చుట్టుకున్నారు. "మళ్లీ ఇంకొకటి అడిగితే, మళ్లీ తెలీదని చెప్పాలి కదమ్మా. అందుకని డబ్బాలో పెట్టాను."

తీగ వదిలేసి ఆయనే, "ఇంకా నడుస్తోందా అది?" అన్నారు. ఆ అడగడంలో ఎంత ఆత్రుత ఉందో!

"నడుస్తోందండీ. ఒక్కసారి కూడా ఆగలేదు" అంది అమ్మాయి. తర్వాత ఆ ముక్క చదివి వినిపించింది. పదకొండో గది. నెల రోజులు తగ్గించు. తీయవద్దు.

ఆయన కళ్లు మూసుకున్నారు. నేను ఆయన పెదవులవంకే చూస్తున్నాను. "రాసింది నేనే. అనుమానం లేదు. ఎందుకు రాశానో..." కళ్లు తెరిచి తల అడ్డంగా ఊపారు. "అంత ముఖ్యమైన సంగతి మరిచిపోతానా అనుకుని కారణం రాసి ఉండను."

"పదకొండో గదంటే ఆ వెనకది కాదూ?" అంది ఆవిడ చొక్కా మడతపెడుతూ. "ఇలాగే వానలు. రోజూ తడిసి వచ్చి మీ గోలంతా నా మీద వెళ్లగక్కేవారు. చల్లగది తలుపుకి రబ్బరు ఊడిపోయిందనీ, చల్లదనం నిలవట్లేదనీ, అందులో మందులు ముందే పాడవుతాయనీ. చెబితే ఎవరూ వినట్లేదు, కొత్త తలుపు వచ్చేదాకా నేనే ఏదో ఒకటి చేస్తానూ అని ఆ తువ్వాలు విసిరికొట్టారు, గుర్తులేదూ?"

"కొత్త తలుపు వచ్చేదాకా!" పెద్దాయన లేచి నిలబడ్డారు. తలకు ఆరేసిన లుంగీ తగిలింది. "అదే! అదేనమ్మా! తలుపు రాగానే తీసేద్దామనుకున్నాను!"

"వచ్చిందా అండీ?" అంది ఫోన్లో అమ్మాయి.

ఆయన ఆవిడవైపు చూశారు. ఆవిడ నావైపు చూసింది. ఎవరికీ తెలియదు.

వచ్చేటప్పుడు ఆవిడ గుమ్మందాకా వచ్చి, "మీ అమ్మాయినైనా అన్నీ రాసిపెట్టమనండి వదినా" అంది. బస్సులో మా ఆయన ఏమైందని అడిగితే చెప్పాను. ఒక్క ముక్క దాచుకోమన్న నా సలహా సంగతి మాత్రం చెప్పలేదు. ఆ తర్వాత ఇంట్లో కూడా ఆ మాట ఎత్తలేదు.

నేను ఇల్లు చేరేసరికి అమ్మాయి గోదాము సూపర్‌వైజరుతో మాట్లాడేసింది. తలుపేమిటి, గది మొత్తం పడగొట్టి కొత్తగా కట్టి చాలా కాలమైందట. "కానీ అమ్మా, ఆయన ఇంకో మాటన్నాడు" అని అది కళ్లు పెద్దవి చేసింది. "'ఆ గది అచ్చిరాదండీ, అందులో పెట్టిన సరుకు తొందరగా ముసలిదైపోతుంది. కొత్తగా కట్టినా అంతే. తప్పనిసరైతేనే మందులు పెడతాం, లేకపోతే పాత కుర్చీలు పడేస్తాం' అన్నాడు."

అచ్చిరాని గది! ఇన్నేళ్లూ మంచి మందుల్ని పాతవని పక్కన పడేయించింది ఆ ముక్క. గదిలో ఏ దోషమూ లేదు. నేను ముక్కుమీద వేలేసుకున్నాను.

"అయితే తీసేస్తావా?"

"ఇప్పుడే తీయను. ఆ గదిలో చల్లదనం కొలిచే మీటరు పెట్టి, ఈ వానల్లో కొన్నాళ్లు రోజూ చూసి చెప్పమన్నాను."

"అదీ! ఎవరో చెప్పారని తీసేస్తే ఎలా?" అన్నాను. నా పిల్లే అనిపించింది.

మీటరు చల్లగానే చూపిస్తూ వచ్చింది. అప్పుడు తీసింది ఆ ముక్క. తీసినచోట నక్షత్రాల వరుసలు రాసి నాకు తెలుగులో చెప్పింది. ఇక్కడ ఒకప్పుడు పదకొండో గదికి గడువు తగ్గించేవాళ్లం. చల్లగది తలుపు సరిగ్గా పడేది కాదు, అందుకని. గది కొత్తగా కట్టారు, కొలిపించి చూశాం, అందుకని తీసేశాం. మళ్లీ ఏ గదైనా పాడైతే గది నంబరు ఫలానాచోట చేర్చండి. ఎందుకో రాయండి. ఎప్పటిదాకానో కూడా రాయండి.

నాకు చాలా నచ్చింది. "ఆ పైన ఇఫ్ ఉందే, దాని ముందు కూడా ఒకటి పెట్టు, జాగ్రత్త అని. ఆ కింద మూవ్ దగ్గర కూడా."

"ప్రతిదానికీ జాగ్రత్త అంటే ఎవరూ వినరమ్మా."

అదీ నిజమే. మా ఇంట్లో ఎవరూ వినరు.

నోరు మెదపకూడని రోజు రానే వచ్చింది. తెరలో ఒక పక్క వాళ్ల పైఅధికారి మేడమ్, ఒక పక్క తొందరాయన. నేను అమ్మాయి నోట్లో ఒక పిప్పరమెంటు బిళ్ల పెట్టి, "అది కరిగేదాకా పెదవి విప్పకు" అని గుమ్మం పక్కన కనబడకుండా నిలబడ్డాను. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. దాన్ని వేళ్లకు చుడుతూ విప్పుతూ ఉన్నాను.

తొందరాయన మొదలుపెట్టాడు. గాలివానలా మొదలుపెట్టినవాడు రానురాను నెమ్మదించాడు. ఇది గది నంబరు చూస్తుంది. ఇది గడువు లెక్కేస్తుంది. ఇది ముందు వెళ్లాల్సిన పెట్టెల్ని వరసలో పెడుతుంది. పక్కవాళ్లకు ఏదో సంగతి చెబుతున్నట్టే చదువుతున్నాడు. ఒకచోట ఆగాడు. ఆగి ఊరుకున్నాడు. అమ్మాయి బుగ్గలో బిళ్ల అటునుంచి ఇటు మారింది. దాని వేళ్లు దుప్పటిని పట్టుకున్నాయి. నా టేపు బిగుసుకుని వేలు ఎర్రబడింది. చెప్పెయ్యనా అన్నట్టు దాని పెదవి విడబోయింది.

"ఆఁ, పైన రాసింది" అన్నాడు తొందరాయన. నక్షత్రాల వరుసలు మెల్లగా చదువుకున్నాడు. "ఓహో, తలుపా!" అని ముందుకు సాగిపోయాడు.

చివరి చుక్కదాకా చదివాక కుర్చీలో వెనక్కి వాలి, సంతోషంగా, "ఇక మీరు లేకపోయినా మాకేం పర్లేదండీ!" అన్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏం చేస్తున్నానో తెలియకుండానే గదిలోకి దూసుకెళ్లి తెర ముందు వంగాను.

"అయితే మా అమ్మాయిని తీసేస్తారా?"

వాళ్లకు నా మొహం కనబడిందో లేదో, టేపు మాత్రం కనబడి ఉంటుంది. "ఎవరండీ?" అంది మేడమ్.

"వాళ్లమ్మనండీ."

అమ్మాయి నోట్లో బిళ్ల ఉంది కనుక బతికిపోయాను. మేడమ్ నవ్వు ఆపుకుంటూ, "ముందు పురుడు చక్కగా జరగనివ్వండమ్మా. తర్వాత సంగతి తర్వాత చూద్దాం" అంది.

తర్వాత చూద్దాం! నాలాంటిదానికి చెప్పాల్సిన మాటేనా అది?

వానలు తగ్గుతున్న రోజుల్లో, ఒక ఉదయం నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రి వసారాలో నేనూ మా ఆయనా నిలబడ్డాం. అల్లుడు దారిలో ఉన్నాడు. నాకు ఎన్ని రకాలుగా భయపడొచ్చో అన్ని రకాలుగానూ భయపడుతున్నాను. అప్పుడు ఫోన్ మోగింది. ఆఫీసే అనుకుని ఉలిక్కిపడి చూస్తే అది నా ఫోను. మా పక్క వీధి కుట్టుపనావిడ. బడిపిల్లల చొక్కాలు కొన్ని మిగిలిపోతే, గడువు దగ్గరపడిందని ఆవిడకు అప్పగించి వచ్చాను.

"అక్కా, చేతులు అతికితే చంకలో పట్టేస్తున్నాయి. నువ్వెలా కత్తిరిస్తావు?"

లోపల్నుంచి మా అమ్మాయి అరుపు వినబడింది. నేను వసారాలో నిలబడి, ఒక చెవి మూసుకుని, రెండో చెవికి ఫోన్ ఆనించి, "ముందు భుజం మడత విప్పు, విప్పు, తీసెయ్, తీసెయ్" అంటున్నాను. అటుగా వెళ్తున్న నర్సు ఆగి నావైపు చూసింది. అప్పుడు గుర్తొచ్చారు పెద్దాయన.

"ఉండు చెల్లీ" అన్నాను. ఊపిరి తీసుకుని, ముందునుంచి మొత్తం చెప్పాను. ఎక్కడ వంపు తీయాలో, ఎంత వదలాలో, ఎందుకు వదలాలో. మళ్లీ ఫోన్ చేయాల్సిన పని లేకుండా చెప్పాను. మా ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఫోన్ పెట్టేసరికి తలుపు తీసి ఆడపిల్ల అన్నారు. ఇద్దరూ క్షేమం.

ఇంటికొచ్చాక అమ్మాయి ఫోను నిజంగానే మోగలేదు. రోజులు గడిచాయి. పాప పాలు తాగేది, పడుకునేది, మళ్లీ లేచేది. ఫోను మాత్రం పడుకునే ఉంది.

"ఏమే, ఆఫీసునుంచి ఎవరూ చేయలేదా?"

"చేయకుండా ఉండటానికే కదమ్మా అంత తిప్పలు పడ్డది."

"ఓసారి నువ్వే చేయరాదూ? క్షేమసమాచారం అడిగినట్టు?"

"అమ్మా!"

మోగితే ఒక భయం, మోగకపోతే ఇంకో భయం. ఉతికిన గుడ్డలు మడతపెడుతున్న ఒక సాయంకాలం మోగనే మోగింది. మేడమ్. నా చేతిలో గుడ్డ జారిపోయింది. అమ్మాయి నా మొహం చూసి, పైకి వినబడేలా పెట్టింది.

పాప ఎలా ఉందని అడిగిందావిడ. పేరేం పెట్టారంది. నాకు అవేవీ చెవికెక్కలేదు. చివరికి అసలు సంగతికి వచ్చింది. "ఆ ప్రోగ్రాం బాగానే ఉందమ్మా, దాని జోలికే పోనక్కర్లేదు. నిన్న రవాణా ప్రోగ్రాం తెరిచాం. అదీ ఆ పెద్దాయన రాసిందే. ఓసారి చూసి మళ్లీ మూసేశాం. ఎక్కడ చూసినా 'తీయవద్దు', 'తీయవద్దు'. నువ్వు ఎప్పుడొస్తావో తీరిగ్గా చెప్పు. అందాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని అందరికీ చెప్పాను."

"ఎందుకో కూడా చెప్పారా మేడమ్?" అంది మా అమ్మాయి.

అవతల నవ్వు. ఇవతల నవ్వు. నేను జారిపోయిన గుడ్డ తీసుకుని, మడతపెట్టిందే మళ్లీ మడతపెట్టాను.

ఫోన్ పెట్టేశాక పాప ఏడ్చింది. ఉక్కకు దాని మెడంతా చెమట. అమ్మాయి దాన్ని భుజాన వేసుకుని, గాలి కోసం కిటికీ దగ్గరికి వెళ్లి ఇనుపతీగమీద చెయ్యేసింది.

"వద్దు" అన్నాను.

అది వెనక్కి తిరిగింది. గొంతులో వెటకారం లేదు. ఆ పదకొండో గది గురించి అడిగినప్పటి గొంతే. "ఎందుకమ్మా?"

నోరు తెరిచాను. కారణం వెతుక్కోవాల్సి వచ్చింది. "అటువైపు దూదేకే షెడ్డు ఉండేది" అన్నాను చివరికి. "నీకప్పుడు మూడేళ్లు కూడా లేవు. ఆ దుమ్ము పడక నీకు ఆయాసం వచ్చేది. రొమ్ము ఎగిరెగిరి పడేది. ఒకరోజు పెదవులు నీలంగా..." ఆపేశాను. "అప్పుడు కట్టాను తీగ."

"షెడ్డు ఇంకా ఉందా?"

షెడ్డు ఎప్పుడో మూతపడింది, కూల్చేశారు కూడా. ఆ వీధిలోంచి నేను రోజూ నడుస్తూనే ఉంటాను. మూతపడిందని నాకు తెలుసు. కిటికీ కట్టేసి ఉందనీ తెలుసు. ఆ రెండూ ఎన్నడూ ఒక్కసారి తలలోకి రాలేదు.

వెళ్లి మా ఆయన పట్టకారు తెచ్చాను. తీగ తుప్పుపట్టి విప్పడానికి రాలేదు, తెంపాల్సి వచ్చింది. రెక్కలు ఉబ్బిపోయి, భుజంతో నెడితే గానీ కదల్లేదు. అవతల షెడ్డు పునాది రాళ్ల మధ్య మోకాలెత్తు గడ్డి పెరిగి ఉంది. ఎవరో దానిమీద దుప్పటి ఆరేశారు. తడిమట్టి వాసనతో గాలి లోపలికొచ్చింది. పాప ఏడుపు మాని, ఏమిటా అన్నట్టు కళ్లు చికిలించింది.

ఉయ్యాలను కిటికీ దగ్గరికి జరిపాం. నేను వంటగదిలోకి వెళ్లబోతూ ఆగలేక వెనక్కి తిరిగాను.

"చినుకులు పడితే మాత్రం మూసెయ్యి."

"ఎందుకు?"

"జల్లు కొట్టి ఉయ్యాల తడుస్తుంది."

"ఎప్పటిదాకా?"

"వాన తగ్గేదాకా."